మొటిమా, మచ్చా, గుంటా? బెజవాడ ఎండలో లేజర్ ఎంచుకునే ముందు

‘మొటిమల మచ్చలు’ అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఇంకా పుడుతూనే ఉన్న మొటిమ ఒకటి. మొటిమ తగ్గాక మిగిలిన ఎరుపు లేదా నలుపు రంగు రెండోది. చర్మం లోపలికి దిగిపోయిన గుంట మూడోది. ఒకదానికి పనిచేసే మెషీన్ ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు చెడగొడుతుంది కూడా. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో స్కిన్ క్లినిక్ మెట్లెక్కి ‘మచ్చలకు లేజర్ చేయించుకుందామని వచ్చానండీ’ అంటే, అక్కడ ఏ మెషీన్ ఉంటే అదే మీ జబ్బుకు మందు అయిపోయే ప్రమాదం ఉంది. అందుకే మెషీన్ల పోలిక కంటే ముందు మీ ముఖం సంగతి తేలాలి.

ఫోన్ టార్చ్‌తో పదినిమిషాల పరీక్ష

రాత్రిపూట గదిలో లైటు ఆర్పి అద్దం ముందు నిలబడండి. ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాకుండా చెవి పక్కనుంచి, చెంప మీదుగా ముక్కువైపు పడేలా పట్టుకోండి. ఎదురు వెలుతురులో మాయమయ్యే గుంటలన్నీ పక్క వెలుతురులో నీడలుగా బయటపడతాయి. నీడ పడకుండా రంగు మాత్రమే కనిపిస్తే అది గుంట కాదు, మచ్చే.

మచ్చ మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలు పెట్టి నొక్కండి. రంగు పాలిపోతే అది రక్తనాళాల ఎరుపు. పాలిపోకుండా గోధుమరంగులోనో నల్లగానో అలాగే ఉంటే మెలనిన్, అంటే చర్మం తయారుచేసుకున్న రంగు.

గుంటలైతే రెండు వేళ్లతో చుట్టూ చర్మాన్ని లాగి చూడండి. లాగగానే మాయమయ్యే వెడల్పాటి అలలాంటి గుంటలు కింద కొవ్వుపొరకు అతుక్కుపోయిన తీగల వల్ల వచ్చినవి. వీటిని డాక్టర్లు రోలింగ్ స్కార్స్ అంటారు, సాధారణంగా 4 మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా ఉంటాయి. లాగినా పోకుండా, నిటారుగా అంచులు కట్టినట్టుండేవి బాక్స్‌కార్ స్కార్స్. సూదితో పొడిచినట్టు 2 మిల్లీమీటర్లలోపు నోరు, లోతైన అడుగు ఉన్నవి ఐస్‌పిక్ స్కార్స్. ఒకే చెంప మీద ఈ మూడూ కలిసి ఉండటమే మామూలు.

దవడ అంచున, ఛాతీ మీద, భుజాల మీద గుంటకు బదులు గట్టిగా పైకి ఉబ్బిన మచ్చలుంటే అది ఇంకో దారి. వాటికి గుంటలకు చేసే లేజర్ చేస్తే ఇంకా ఉబ్బుతాయి. మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి అణచడం మొదటి మెట్టు. చెవి కుట్టించుకున్నచోట కాయ కట్టిన చరిత్ర ఉంటే అడక్కపోయినా డాక్టర్‌తో చెప్పండి.

ఈ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడవచ్చు. నుదుటి మీద, వీపు మీద ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు లేచి దురద పెడుతుంటే అవి మొటిమలే కాకపోవచ్చు. కోస్తా ఉక్కపోతలో వెంట్రుక కుదుళ్లలో పెరిగే మలసేజియా అనే ఫంగస్ పని అది. దానికి ఫంగస్ మందు చాలు. అలాగే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా) ఉన్న అమ్మాయిల గడ్డం కింద త్రెడింగ్ చేసిన చోట లేచే పొక్కుల్లో చాలావరకు లోపలికి తిరిగిన వెంట్రుకలే ఉంటాయి. అక్కడ నిజంగా ఉపయోగపడేది వెంట్రుకలు తగ్గించే లేజర్, మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం (నానోమీటర్ల అంకె ఆ వెలుతురు తరంగం పొడవు).

మొటిమలు ఇంకా వస్తుంటే

ఇక్కడ మా మాట సూటిగానే ఉంటుంది: వచ్చే మొటిమలకు మొదట ఖర్చు పెట్టాల్సింది లేజర్ మీద కాదు. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్‌కు, అడాపలీన్ లాంటి రెటినాయిడ్ క్రీములకు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు, తీవ్రమైన మొటిమలకైతే ఐసోట్రెటినోయిన్ మాత్రకు గట్టి సిఫారసు ఉంది. లేజర్, లైట్ పరికరాల విషయంలో మాత్రం సిఫారసు చేయడానికి తగినంత ఆధారం లేదని రాశారు.

క్రీములు పనిచేయలేదు అనేవాళ్లలో చాలామంది మూడు వారాలకే ఆపేసినవాళ్లు. అడాపలీన్ 0.1 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కలిసిన జెల్‌ని రాత్రి ముఖమంతటికీ బఠాణీ గింజంత పూసి, 12 వారాలు చూశాకే తీర్పు చెప్పాలి. మొదటి రెండు మూడు వారాలు పొట్టు లేవడం, మంట సహజం. రోజు విడిచి రోజు మొదలుపెడితే తట్టుకుంటారు. తెల్ల దిండు గలీబు వాడండి, బెంజాయిల్ పెరాక్సైడ్ రంగు బట్టలను వెలిసిపోయేలా చేస్తుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘తెల్లబడే క్రీమ్’ వాడుతుంటే అది ముందు డాక్టర్‌కు చూపించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ ఉన్నవి మొదట నునుపుచేసి తర్వాత ముఖమంతా మొటిమలు లేపుతాయి. 2018లో ప్రభుత్వం ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి మార్చినా అలవాటు పోలేదు. స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం మీద లేజర్ పడితే మామూలు ఎనర్జీకే బొబ్బ లేస్తుంది.

ఇక మొటిమలకు అమ్మే లైట్లు. నీలి ఎల్‌ఈడీ వెలుతురు 415 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. మొటిమల్లోని క్యుటిబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా తనలో తయారుచేసుకునే పోర్ఫిరిన్లు అనే పదార్థాలు ఆ వెలుతురును పీల్చుకుని బ్యాక్టీరియానే చంపుతాయి. వారానికి రెండుసార్లు, 4 నుంచి 6 వారాలు కూర్చోవాలి. చిన్న ఎర్ర మొటిమలకు కొంత ఉపశమనం, బ్లాక్‌హెడ్స్‌కు, గడ్డల్లాంటి వాటికి దాదాపు ఏమీ ఉండదు. ఆపిన కొన్ని నెలలకు మళ్లీ మొదలవుతాయి. పైగా ఈ రంగు వెలుతురు చామనఛాయ చర్మంలో నలుపును పెంచగలదు. మొటిమ పోయి మచ్చ మిగిలితే లాభమేముంది? ఎరుపు ఎల్‌ఈడీ, 630 నానోమీటర్ల చుట్టూ, ఇంకాస్త లోతుకు వెళ్లి వాపు తగ్గిస్తుంది, నలుపు భయం తక్కువ. రెండిట్లో ఒకటే అంటే ఎరుపు.

ఇంట్లో పెట్టుకునే ఎల్‌ఈడీ మాస్కుల శక్తి క్లినిక్ లైటులో కొద్ది భాగమే. కొన్ని రకాల కంటిజబ్బులున్నవాళ్లకు, వెలుతురును తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవాళ్లకు కళ్లు దెబ్బతినవచ్చన్న అనుమానంతో 2019లో ఒక పెద్ద కంపెనీ తన మాస్కుని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. డాక్సీసైక్లిన్ వాడుతున్నవాళ్ల చర్మం ఎండకే త్వరగా కమిలిపోతుంది, ఇక మాస్కు జోలికి వెళ్లేముందు డాక్టర్‌ని అడగడం మంచిది.

ఫోటోడైనమిక్ థెరపీ దీనికంటే చాలా బలమైనది. అమైనోలెవులినిక్ యాసిడ్ పూసి, 1 నుంచి 3 గంటలు ఆగి, ఎరుపు వెలుతురు వేస్తారు. నూనెగ్రంథుల దాకా పనిచేస్తుంది. కానీ మంట గట్టిగా ఉంటుంది, తర్వాత 48 గంటలు పగటి వెలుతురుకు దూరంగా తలుపులేసుకుని ఉండాలి, మన రంగులో నలుపు మిగలడం ఎక్కువ. ఐసోట్రెటినోయిన్ వాడలేని కొందరికి తప్ప దీన్ని మొదటి ఎంపికగా పెట్టుకోనక్కర్లేదు.

ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్)ని లేజర్ అని చెప్పి అమ్మడం మామూలైపోయింది. అది లేజర్ కాదు, ఫిల్టర్ పెట్టిన ఫ్లాష్ లైటు. దాదాపు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా కలగాపులగంగా వదులుతుంది. తెల్లచర్మానికి చేసిన సెట్టింగులతో మన చెంపమీద కొడితే మెలనినే ముందు వేడెక్కి, మెషీన్ తల ఆకారంలో పలకలు పలకలుగా వాతలు తేలతాయి. మొటిమలకు మనవాళ్ల ముఖాల మీద ఐపీఎల్ వద్దనే అంటాం.

నిజంగా కొత్తదీ, ఆలోచించదగ్గదీ 1726 నానోమీటర్ల లేజర్. ఆ తరంగాన్ని చుట్టూ ఉన్న నీటికంటే నూనెగ్రంథిలోని కొవ్వు ఎక్కువగా పీల్చుకుంటుంది, మెలనిన్ పెద్దగా పట్టించుకోదు. అందుకే ముదురు రంగుకూ కుదురుతుంది. అమెరికా మందుల, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతించింది. నెలకొకటి చొప్పున మూడు సిట్టింగులు. మొదటి వారాల్లో మొటిమలు కాస్త ఎగదన్ని తర్వాత నెలల తరబడి తగ్గుతూ పోతాయి. మీకు చూపించే మెషీన్ ఇదేనా అన్నది తరంగం అంకె అడిగితేనే తెలుస్తుంది. 1064 అని సమాధానం వస్తే అది వేరే మెషీన్. దీన్ని పోల్చాల్సింది ఐసోట్రెటినోయిన్‌తో. ఆ మాత్ర చవక, బలం ఎక్కువ. కానీ పెదవులు పగలడం, కొవ్వు, లివర్ రక్తపరీక్షలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, మాత్ర వాడుతున్నప్పుడూ ఆపిన తర్వాత ఒక నెలా గర్భం అస్సలు రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. మాత్ర పడనివాళ్లకు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు, డబ్బు పెట్టగలిగితే, 1726కు అర్థముంది.

ఎరుపు, నలుపు: ఇక్కడ తొందర వద్దు

గుంట లేని రంగుమచ్చలు, కొత్త మొటిమలు ఆగి ఎండ నుంచి కాపాడుకుంటే, చాలావరకు నెలల్లో వాటంతటవే వెలుస్తాయి. అజెలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం పూతమందు, రాత్రి అడాపలీన్, పొద్దున సన్‌స్క్రీన్, ఆరు నెలలు. ఎంతకీ పోని ఎరుపుకు 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ ఉంది గానీ ముదురు రంగులో అది మెలనిన్‌నీ తాకుతుంది, కాబట్టి తక్కువ ఎనర్జీతో, అనుభవమున్న చేతిలో.

నలుపుకు క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్‌తో ‘లేజర్ టోనింగ్’ చేస్తారు. కొన్నిసార్లు పనిచేస్తుంది. వారం వారం ఆపకుండా చేస్తూపోతే మాత్రం చర్మం మీద తెల్ల చినుకులు పడ్డట్టు రంగు పోయే ప్రమాదం ఉంది, ఆ తెలుపు తిరిగి నిండటం కష్టం. ఇక కార్బన్ పీల్ అంటే నల్ల లోషన్ పూసి అదే లేజర్‌తో దాన్ని పేల్చడం. పెళ్లికి రెండు రోజుల ముందు ముఖం నిగనిగలాడటానికి బాగుంటుంది. గుంటలకు దానివల్ల ఏమీ కాదు, ఎవరు ఎన్ని ఆఫర్లు పెట్టినా.

గుంటలు: అసలు ఎంపిక ఇక్కడే

కొత్తగా పెద్ద మొటిమలు రావడం ఆగి కనీసం మూడు నెలలైతేనే గుంటల పని మొదలుపెట్టండి. పక్కన కొత్తవి తవ్వుకుంటుంటే పాతవి పూడ్చడం వృథా. ఐసోట్రెటినోయిన్ ఆపాక ఆరు నెలలు ఆగాలన్న పాత నియమాన్ని 2017 నాటి నిపుణుల సమీక్షలు సడలించాయి. చుక్కలు చుక్కలుగా మాత్రమే తాకే ఫ్రాక్షనల్ లేజర్, సూదుల పద్ధతులకు అంత ఆగనక్కర్లేదు. ముఖం పై పొరంతా ఒలిచేసే పూర్తి లేజర్‌కు మాత్రం ఆగాలి.

ఐస్‌పిక్ గుంటలకు పై నుంచి ఎంత మంచి లేజర్ కొట్టినా అడుగు అందదు. వాటికి చవకైన పద్ధతే బాగా పనిచేస్తుంది: టీసీఏ క్రాస్. గాఢమైన ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌ను, 70 నుంచి 100 శాతం, మన చర్మానికి కొందరు 50 నుంచి మొదలుపెడతారు, పుల్ల మొనతోనో సన్నని సూదితోనో ఒక్కో గుంట అడుగున తాకిస్తారు. కొన్ని సెకన్లలో తెల్లగా పొంగుతుంది, వారంలో పెచ్చు రాలుతుంది, అడుగునుంచి కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని నిలబెట్టే ప్రొటీన్) పేరుకుంటుంది. నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు సార్లు. యాసిడ్ అంచు దాటి పొర్లితే గుంట నోరు ఇంకా వెడల్పవుతుంది. ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుని ఇంట్లో ప్రయత్నించినవాళ్లకు జరిగేది సరిగ్గా ఇదే. మరీ లోతైన ఒకటి రెండు గుంటలైతే గుండ్రంగా కోసే చిన్న పంచ్‌తో తీసేసి కుట్టు వేయడం ఇంకా నేరుగా ఉంటుంది.

రోలింగ్ గుంటలకు సబ్‌సిషన్. చర్మాన్ని కిందికి కట్టి లాగుతున్న తీగల్ని సూదితోనో మొద్దుమొన ఉన్న సన్నని గొట్టం (క్యాన్యులా)తోనో తెంపడం. గుడారం తాళ్లు కోస్తే గుడ్డ పైకి లేచినట్టు. ఆ తాళ్లు తెంపకుండా పైన లేజర్ ఎన్నిసార్లు వేసినా గుడ్డ నునుపవుతుందేగానీ లేవదు. మత్తు ఇంజెక్షన్, అరగంట పని, తర్వాత వారం పది రోజులు చెంప నీలంగా కమిలి వాచి ఉంటుంది. కణతల దగ్గర, దవడ అంచున ముఖనాడి కొమ్మలు పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ అనుభవం లేని చేయి వద్దు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

బాక్స్‌కార్ గుంటలు లోతు తక్కువగా ఉంటేనే లేజర్ నిజమైన సత్తా చూపిస్తుంది. లోతుగా, నిటారుగా ఉంటే పంచ్‌తో అడుగును కోసి పైకి లేపి ఉపరితలంతో సమం చేస్తారు, ఆ తర్వాత అంచుల మీద లేజర్.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: సీఓ2 లేజరా, మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫా?

ఫ్రాక్షనల్ సీఓ2 10,600 నానోమీటర్లు. చర్మంలోని నీరు దాన్ని పీల్చుకుని ఆవిరవుతుంది. ముఖమంతా సన్నని బావులు తవ్వి, మధ్యలో ముట్టుకోని చర్మాన్ని వదిలేస్తుంది; ఆ వదిలిన చర్మమే గాయాన్ని త్వరగా పూడుస్తుంది. అంచులు మొద్దుబారడం, చర్మం బిగవడం దీనిలో ఎక్కువ. ఒక్క సిట్టింగులో కనిపించే మార్పు కూడా ఎక్కువే. దానికి ధర వారం రోజుల పెచ్చులు, వారాలపాటు ఎరుపు, మన చామనఛాయలో రెండో వారం నుంచి ఆరో వారం మధ్య తేలే నలుపు. ఆ నలుపుకు ప్రధాన కారణం ఎనర్జీ కంటే సాంద్రత, అంటే ఒక చదరంలో ఎన్ని బావులు తవ్వారన్నది. అందుకే మనవాళ్లకు లోతు సరిపడా పెట్టి, సాంద్రత తగ్గించి, సిట్టింగులు పెంచడం సరైన లెక్క. ‘ఒక్క సిట్టింగులో తేల్చేస్తాం’ అన్నారంటే సాంద్రత పెంచుతున్నారని అర్థం చేసుకోండి.

దాని తమ్ముడు ఎర్బియం యాగ్, 2940 నానోమీటర్లు. నీటికి సీఓ2 కంటే పదిరెట్లకు పైగా ఇష్టమైన తరంగం కావడంతో పక్కకు వేడి పాకకుండా శుభ్రంగా కోస్తుంది. నలుపు తక్కువ, మానడం త్వరగా, బిగుతు కాస్త తక్కువ, చిన్న రక్తపు చుక్కలు ఎక్కువ. ఉన్నచోట దీన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. 1550 నానోమీటర్ల ఎర్బియం గ్లాస్ పైపొర తెరవకుండా లోపలే కాలుస్తుంది. మూడు నాలుగు రోజుల ఎరుపు, వాపుతో పోతుంది కానీ నాలుగైదు సిట్టింగులు కావాలి. పికోసెకండ్ లేజర్‌కు ప్రత్యేక లెన్స్ పెట్టి లోతు తక్కువ గుంటలకు వాడతారు, విశ్రాంతి రోజులు తక్కువ. లోతైన వాటికి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ అసలు లేజరే కాదు. సన్నని సూదులు చర్మంలోకి దిగి, మొన దగ్గర రేడియో తరంగాల కరెంటుతో వేడి పుట్టిస్తాయి. మొన తప్ప మిగతా భాగానికి పూత ఉన్న సూదులైతే పైపొర వేడెక్కదు, అందుకే నలుపు భయం సీఓ2తో పోలిస్తే బాగా తక్కువ. చెంపల మీద 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు, ఎముక దగ్గరగా ఉండే నుదుటి మీద అంతకంటే తక్కువ లోతు. రెండు మూడు రోజుల ఎరుపుతో ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మూడు నాలుగు సిట్టింగులు. ప్రమాదం లేదని కాదు. కాలిన గాయాలు, మచ్చలు, లోపలి కొవ్వు కరిగి చెంప పీక్కుపోవడం, నరాలు దెబ్బతినడం గురించి 2025 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అసలే బక్కచిక్కిన చెంపలున్నవాళ్లకు లోతు, ఎనర్జీ ఎక్కువ పెడితే గుంటలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి.

మా ఎంపిక ఇది. రోజూ స్కూటర్ మీద తిరిగే ఉద్యోగం, చామనఛాయ లేదా నలుపు రంగు, కలగలిసిన గుంటలు ఉంటే: ముందు సబ్‌సిషన్, ఐస్‌పిక్‌లకు క్రాస్, ఆ పైన మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్. పది రోజులు ఇంట్లో ఉండగలిగి, గుంటలు ఎక్కువగా లోతు తక్కువ బాక్స్‌కార్‌లైతే తక్కువ సాంద్రతతో సీఓ2 లేదా ఎర్బియం. మెలాస్మా, అంటే మంగు మచ్చలు ఉంటే సీఓ2 జోలికి వెళ్లకపోవడమే మేలు. బొల్లి ఉన్నవాళ్లకు ఏ గాయమైనా కొత్త మచ్చకు చోటవుతుంది, వాళ్ల లెక్క వేరు. చేతిలో డబ్బు తక్కువైతే ఆర్‌ఎఫ్ లేని మామూలు డెర్మాపెన్ (సన్నని సూదులతో పొడిచే పెన్నులాంటి పరికరం) 1.5 మిల్లీమీటర్లతో ఐదారు సిట్టింగులు, దానికి తోడు సబ్‌సిషన్, ఖరీదైన లేజర్ ఒంటరిగా ఇచ్చేదానికి పెద్దగా తీసిపోదు. ఇంట్లో తిప్పుకునే 0.5 మిల్లీమీటర్ల రోలరు గుంట అడుగుదాకా పోదు, కడగని రోలరుతో ఇన్ఫెక్షన్ మాత్రం లోపలికి చేరుతుంది. మన రక్తం నుంచే తీసి వేసే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్ల ద్రవం) తోడుగా కాస్త సాయం చేస్తుంది, దానికోసం అప్పు చేయనక్కర్లేదు.

ఎప్పుడు చేయించుకోవాలి

కాలేజీ సెలవులు కదా అని మే నెలలో చేయించుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. రోహిణి కార్తె ఎండలో, ఉక్కపోత చెమటలో మానుతున్న చర్మం నల్లబడకుండా ఉండటం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచికాలం. అందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి: పెచ్చులు రాలేదాకా కృష్ణలో కార్తీక స్నానం వద్దు, భోగి మంట దగ్గర నిలబడవద్దు. గుంటూరు మిర్చి యార్డులో పని ఉన్నవాళ్లు సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు వదిలేయాలి. ఆ ఘాటు, దుమ్ము తెరిచిన చర్మం మీద పడితే మంట చెప్పనలవి కాదు.

మాఘమాసంలో పెళ్లనుకుంటే దసరా నాటికే మొదలుపెట్టండి. సీఓ2 ఆఖరి సిట్టింగు ముహూర్తానికి మూడు నెలల ముందు, ఆర్‌ఎఫ్ అయితే కనీసం నెల ముందు, సబ్‌సిషన్ ఆరు వారాల ముందు ముగియాలి. నలుగు, పసుపు, నిమ్మరసం కొత్త చర్మానికి తగలకూడదు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే లేజర్ లేకపోయినా కాలిన మచ్చ పడుతుంది.

సిట్టింగు రోజు, ఆ తర్వాతి వారం

వారం ముందు రెటినాయిడ్, స్క్రబ్, బ్లీచ్, త్రెడింగ్, వ్యాక్సింగ్ ఆపేయాలి. పెదవి అంచున తరచూ నీటిపొక్కులు వచ్చేవాళ్లు ముందే చెబితే సీఓ2కు ముందు వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెడతారు, లేకపోతే ఆ వైరస్ గాయమంతా పాకుతుంది. దవడ పక్కన చిన్న చోట పరీక్షగా కొట్టి, నాలుగు వారాలు ఆగి నలుపు చూడమని అడగండి. మన రంగుకు దీన్ని మించిన జాగ్రత్త లేదు, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

తిమ్మిరి క్రీమ్ 45 నుంచి 60 నిమిషాలు. లిగ్నోకెయిన్ 2.5, ప్రిలోకెయిన్ 2.5 శాతం ఉన్నదైతే చాలు. ఎక్కువ గాఢతవి ముఖం, మెడ అంతా పూసి ప్లాస్టిక్ కప్పితే మందు రక్తంలోకి ఎక్కి కళ్లు తిరగడం, నోరు తిమ్మిరెక్కడం, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. స్పిరిట్‌తో తుడిచాక అది పూర్తిగా ఆరాలి, తడిమీద లేజర్ పడితే అంటుకుంటుంది. కళ్లకు లోహపు షీల్డులు, పొగ లాగే గొట్టం ఉన్నాయో లేదో చూసుకోండి.

సీఓ2 తర్వాత మొదటి రెండు రోజులు ముఖం వాచి, నీరు కారినట్టుంటుంది. చల్లటి సెలైన్ గాజుగుడ్డ, ఆపైన వ్యాజలీన్ పలచగా రోజుకు నాలుగైదుసార్లు. కొబ్బరినూనె వద్దు, రంధ్రాలు మూసుకుని మొటిమలు లేస్తాయి. పెచ్చు దానంతటది రాలాలి, గిల్లితే అక్కడ కొత్త గుంట. చర్మం మూసుకునేదాకా సన్‌స్క్రీన్ కాదు, గొడుగు, నూలు గుడ్డ, నీడ. మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు ముఖానికి, మెడకు సరిపోతాయి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. హెల్మెట్ లోపలి దిండ్లు చెంపలకు రాసుకుంటాయి, హెల్మెట్ లేకుండా నడపకూడదు, కాబట్టి ఆ వారం బండే వద్దు, బస్సో ఆటోనో చూసుకోండి.

మూడో రోజు నుంచి నొప్పి తగ్గాలి. పెరుగుతుంటే, చీము పడితే, గుంపుగా నీటిపొక్కులు లేస్తే, జ్వరం వస్తే ఆ రోజే క్లినిక్‌కు వెళ్లాలి, వాట్సాప్‌లో ఫోటో పంపి ఊరుకోకూడదు. రెండో వారంలో చిన్న తెల్ల గింజలు, కొన్ని మొటిమలు రావడం మామూలే. నెలలో తేలే నలుపుకు కంగారుపడి ఇంకో లేజర్ చేయించుకోవద్దు. అజెలాయిక్ యాసిడ్, సన్‌స్క్రీన్‌తో ఎక్కువగా రెండు నుంచి ఆరు నెలల్లో పోతుంది.

డబ్బు కట్టే ముందు

ఆ చేయి ఎవరిదో అడగండి. చర్మవైద్యంలో ఎండీ, డీడీవీఎల్, డీఎన్‌బీ ఉన్న డాక్టరు, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో, స్వయంగా చేస్తున్నారా, ఆయన చూసివెళ్లాక టెక్నీషియన్ చేస్తున్నారా? మెషీన్ తరంగం ఎంత, నలుపు వస్తే సరిచేయడానికి విడిగా తీసుకుంటారా, ఇవి కాగితం మీద రాయించుకోండి. ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ముందే మొత్తం కట్టవద్దు, సిట్టింగుకు సిట్టింగు కట్టండి. అందం కోసం చేసే చికిత్సలను ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయిస్తారు, క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ప్యాకేజీ కొనే ముందు మీ గుంటలు ఏ రకమో అక్కడ చూపించుకోవడానికి ఓపీ చీటీ, ఒక పూట సమయం చాలు.

మొదటి సిట్టింగుకు ముందు అదే పక్క టార్చ్ వెలుతురులో, ఫిల్టర్ లేకుండా, రెండు చెంపలూ ఫోటో తీసి దాచుకోండి. కొల్లాజెన్ మూడు నుంచి ఆరు నెలలు పనిచేస్తూ ఉంటుంది గనుక వారానికోసారి అద్దం చూసి నిరాశపడటంలో అర్థం లేదు. మూడు సిట్టింగులయ్యాక మూడో నెలలో అదే టార్చ్, అదే కోణంలో మళ్లీ తీసి పక్కపక్కన పెట్టండి. నీడలు చిన్నవైతే కొనసాగించండి. అలాగే ఉంటే అదే మెషీన్‌తో నాలుగో సిట్టింగు కాదు, పద్ధతి మార్చమని అడగండి. చాలాసార్లు కింద తెంపని తాడు ఒకటి మిగిలే ఉంటుంది.